రోజెన్‌గ్రుండ్ మాట

తెమిర్తావ్‌లో జర్మన్ నాటకశాల తెరిచేనాటికి ఆ ఊళ్లో జర్మన్లు వేలల్లో ఉండేవారు. జర్మన్ మాత్రం వీధిలో ఎక్కడా వినపడేది కాదు. ఉక్కు ఫ్యాక్టరీలో, బజార్లో, బడిలో అందరిదీ రష్యనే. ముసలివాళ్లు ఇంటికెళ్లి తలుపులు వేసుకున్నాకే తమ మాట మాట్లాడుకునేవారు, అదీ గొంతు తగ్గించి. యుద్ధం రోజుల్లో ఓల్గా నది ఒడ్డునుంచి వాళ్లను ప్రభుత్వం రైళ్లలో కుక్కి తెచ్చి ఈ కజక్ మైదానంలో దించినప్పుడు పట్టుకున్న భయం అది. దాన్ని నాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. మా కొరియన్లను అంతకు నాలుగేళ్ల ముందే ఇలాగే తెచ్చి దించారు. మా అమ్మమ్మ చివరిదాకా గుసగుసగానే మాట్లాడింది.

నా పేరు జోయా హేగాయ్. కరగందాలో జర్మన్ చదువుకుని, నాటకశాలలో అనువాదకురాలిగా చేరాను. జర్మన్ రాని ప్రేక్షకులకు ఇయర్‌ఫోన్లు ఇచ్చేవారు. హాలు వెనక గాజుగదిలో కూర్చుని, వేదిక మీది సంభాషణను అప్పటికప్పుడు రష్యన్‌లో చెప్పడం నా పని. నటులు నన్ను ఆటపట్టించేవారు, "మేం చెమటోడ్చి ఏడుస్తుంటే నువ్వు కూర్చుని టీ తాగుతూ ఏడుస్తావు" అని.

ఆ మొదటి బృందంలో ఇర్మా అప్పెల్‌హాన్స్ ఒకతె. పొడుగ్గా, వెడల్పాటి భుజాలతో ఉండేది. తండ్రి ఆమె చిన్నప్పుడే బొగ్గుగనిలో పోయాడు. తల్లి అమాలియా ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చేసేది. అన్న రైన్‌హోల్ట్ అదే ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసేవాడు. ఇర్మా బడి చదువు ముగిసే ఏడాది, మాస్కో నాటక విద్యాలయం వాళ్లు జర్మన్ పిల్లల్ని ఎంపిక చేయడానికి కరగందా వచ్చారు. ఏదైనా జర్మన్ పద్యం చెప్పమన్నారు. ఇర్మాకు పద్యమంటూ ఒక్కటీ రాదు. పాలు పితకనివ్వని మేకను వాళ్లమ్మ తిట్టే తిట్లన్నీ వరసగా అప్పజెప్పింది, మేక ఎలా తన్నేదో కూడా చేసి చూపించింది. పరీక్షకులు కడుపు పట్టుకుని నవ్వారు. ఆమెను తీసుకున్నారు. తీసుకుపోయి, అయిదేళ్లపాటు ఆ తిట్ల భాషనే ఆమె నోట్లోంచి కడిగేశారు.

అమాలియా మాట్లాడేది రెండు వందల ఏళ్ల కిందట ఓల్గా తీరానికి వలస వచ్చిన జర్మన్ రైతుల భాష. నాటకాల భాష వేరు. "ఏందే, యాడికి పోతన్నావ్?" అనే తల్లి దగ్గరికి కూతురు "తల్లీ, నేనెచ్చటికి పోవుచున్నానని కదా నీ ప్రశ్న?" అంటూ తిరిగొచ్చిందనుకోండి, అలా ఉండేది వ్యవహారం.

మొదటి సీజన్‌లో ఒక పాత విషాద నాటకం వేశారు. ఇర్మాది రాజుగారి విధవ కోడలి పాత్ర. అమాలియా ఉన్నవాటిలో మంచి గౌను వేసుకుని, తలకు తెల్లరుమాలు కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. నా గాజుగదిలోంచి ఆమె నాకు బాగా కనపడుతోంది. మొదటి రంగం అంతా మెడ చాచి వింది. రెండో రంగంలో పక్కావిడని ఏదో అడిగింది. ఆ తర్వాత కుర్చీకి తగిలించిన ఇయర్‌ఫోన్లు తీసి, రుమాలు మీదనే చెవులకు పెట్టుకుంది.

వేదిక మీదున్న ఇర్మా అది చూసింది. ఒక మాట తడబడింది. నాటకం చూసేవాళ్లెవరూ గమనించి ఉండరు.

ఆట అయ్యాక అమాలియా తెరవెనక్కి వచ్చి కూతుర్ని ముద్దుపెట్టుకుని, నా వైపు తిరిగింది.

"నువ్వేనా అమ్మాయ్ చెవిలో చెప్పింది? భలే చెప్పావు. అంతా అర్థమైపోయింది."

ఇర్మా ముఖానికి పూసిన రంగు తుడుచుకుంటూ అడిగింది. "మరి నేను చెప్పింది?"

"నువ్వూ బాగానే చెప్పావులే. చర్చిలో పాస్టరు చెప్పినట్టు చెప్పావు. ఆయన చెప్పిందీ నాకు ఏనాడూ అర్థం కాలా."

ఇర్మా నవ్వింది. అమాలియా వెళ్లిపోయాక నాతో అంది, "మా అమ్మకు నేను పరాయిదాన్నయ్యానే జోయా. దానికి అయిదేళ్లు కష్టపడ్డాను."

చలికాలం వస్తే మా బస్సు పల్లెలు తిరిగేది. జర్మన్లు ఎక్కువగా ఉండే సమష్టి వ్యవసాయ క్షేత్రాల ఊళ్లకు వెళ్లి క్లబ్బుల్లో ఆడేవాళ్లం. అక్కడ ఇయర్‌ఫోన్లు లేవు, గాజుగదీ లేదు. నేను దుస్తులు అందించే పని చూసేదాన్ని. దర్శకుడు వోల్దెమార్ కూఫెల్ద్ బక్కపల్చటి మనిషి, కోపిష్టి. ఆయనకు పుస్తకంలో ఉన్న మాట తప్పితే ప్రాణం పోయినట్టుండేది.

ఒక ఊళ్లో హాలంతా ఉన్ని బూట్ల తడివాసన. వేదిక పక్కనే ఇనప పొయ్యి మండుతోంది. ఇర్మా నగరాధ్యక్షుడి భార్య వేషంలో, నేల మీద జీరాడే పట్టు గౌనుతో, "ఓ విధీ, నా మొరను నీవాలకింపవా!" అంటూ చేతులెత్తింది. అప్పుడే పక్కతలుపు తోసుకుని ఒక బొచ్చుకుక్క వచ్చింది. తిన్నగా వేదికెక్కి, పొయ్యికి దగ్గరగా చోటు చూసుకుని, ఆ పట్టు అంచు మీద ముడుచుకు పడుకుంది. ఇర్మా ఒకడుగు వేయబోయి ఆగిపోయింది. గౌను బిగిసి చిరిగేట్టుంది.

"లెగు! లెగవే దరిద్రప్దానా! ఊళ్లో ఇంకెక్కడా చోటు దొరకలా నీకు, నా కుచ్చిళ్ల మీద తప్ప!"

అది పాత్ర మాట కాదు. వాళ్లమ్మ మాట, వాళ్లమ్మ గొంతు. తర్వాత వెనకెక్కడో ఎవరో కిసుక్కుమన్నారు, ఆ వెంటనే హాలంతా గొల్లుమంది. ముందు వరసలో ఒక ముసలాయన లేచి నిలబడ్డాడు.

"అది మా కుక్కే తల్లీ, దాన్నేమనమాక! రోజూ ఆ పొయ్యి కాడే పడుకుంటది!"

"మరి దానికీ టిక్కెట్టు తీసుకున్నావా తాతా?"

"దానికెందుకే? అది నాటకం చూడటానికి రాలేదుగా!"

జనం బెంచీలు చరిచి నవ్వారు. కొందరు నవ్వుతూనే కళ్లు తుడుచుకోవడం నేను తెరపక్క నుంచి చూశాను. నలభై ఏళ్లుగా నలుగురిలో గట్టిగా అనని మాటలు అవి. పక్కన వోల్దెమార్ ముఖం ఎర్రగా కందిపోయింది. తెర వేయించడానికి చెయ్యెత్తి, ఎందుకో దించేశాడు.

ఆట ముగిశాక ఒక పెద్దావిడ కర్ర పోటేసుకుంటూ దుస్తుల గదికి వచ్చింది. ఇర్మా గడ్డం పట్టుకుని దీపం వైపు తిప్పి చూసింది.

"కుచ్చిళ్లని అన్నావు చూడు, ఆ మాటను అట్టా సాగదీసేది రోజెన్‌గ్రుండ్ వాళ్లొక్కరే. మా అత్తగారిది ఆ ఊరు. ఎవరి బిడ్డవే నువ్వు?"

"అప్పెల్‌హాన్స్ వాళ్ల పిల్లని. కానీ మాది ఏ ఊరో నాకు తెలియదు పెద్దమ్మా. మా అమ్మ ఎప్పుడూ చెప్పలేదు."

"చెప్పదు. ఎవరు చెప్పారు గనక?" అని ఆవిడ ఇర్మా చేతిని తన రెండు చేతుల మధ్యా పెట్టుకుని కాసేపు కూర్చుంది.

తిరిగొచ్చాక వచ్చిన ఆదివారం ఇర్మా నన్ను వాళ్లింటికి భోజనానికి పిలిచింది. ఒంటరిగా అడగడానికి ధైర్యం చాలక పిలిచిందని తర్వాత తెలిసింది. అమాలియా బల్ల మీద సేమ్యాలకు పిండి ఒత్తుతోంది.

"అమ్మా, మనది రోజెన్‌గ్రుండా?"

అప్పడాల కర్ర ఆగింది. అమాలియా ముందుగా వెళ్లి కిటికీ రెక్క వేసింది.

"ఎవరన్నారే ఆ పేరు?"

"ఎవరో పెద్దావిడ. నా మాటను బట్టి పోల్చుకుంది."

"నీ మాటను బట్టా? నీకింకా ఆ మాట ఉందా?" అంది అమాలియా. ఆమె ముఖంలో కనపడింది భయమో సంతోషమో నాకు తెలియలేదు. పిండి చేతులతోనే కూర్చుని చెప్పింది. అప్పటికి ఆమెకు పన్నెండేళ్లు. కోతలైపోయిన రోజులు. మూట కట్టుకుని తెల్లారేసరికి వీధిలో నిలబడమన్నారు. ఊరు ఊరంతా నిలబడింది. ఆవుల్ని వదిలేశారు. పాలు పితికే వేళ దాటిపోయింది. పొదుగులు బిగిసి, నొప్పికి తాళలేక అవి వీధుల్లోకి వచ్చి, ఎవరి మనుషుల వెనక అవి నడుస్తూ అరిచాయి.

"మా అమ్మ కాపలా ఉన్న సిపాయిని బతిమాలుకుంది. పాలు మాకొద్దయ్యా, నేల మీదకే పితికి వస్తా, దాని నొప్పి పోద్ది, అని. ఆ కుర్రాడూ పల్లెటూరోడే, ఏడుపు ముఖం పెట్టాడు. కానీ పోనియ్యలా."

అంతే చెప్పింది. లేచి మళ్లీ పిండి ఒత్తింది. మేం సేమ్యా సూపు తిన్నాం.

ఇర్మా ఈ సంగతి వోల్దెమార్‌కు చెప్పింది. ఆయన తల్లిదండ్రులు కూడా అలా వచ్చినవాళ్లే. ఆ పల్లె భాషలో, ఆ ఉదయం మీద ఒక నాటకం వేయాలన్న ఆలోచన ఆయనకు అప్పుడు పట్టుకుంది. పై నుంచి అనుమతి రాలేదు. జరగనే లేని సంగతి గురించి నాటకం ఎందుకన్నారు. ఆయన మళ్లీ అడిగాడు, మళ్లీ వద్దన్నారు. కాలం మారి, పత్రికల్లో పాత సంగతులు అచ్చవుతున్న రోజులు వచ్చేదాకా అది అలాగే ఉండిపోయింది. ఈలోగా ఇర్మా ఒక సాక్సొఫోన్ వాద్యగాణ్ని పెళ్లి చేసుకుంది, విడిపోయింది. నాకు ఇద్దరు పిల్లలు పుట్టారు.

ఎట్టకేలకు అనుమతి వచ్చినప్పుడు చిక్కు నాకొచ్చింది. ఆ పల్లె భాషలో నాకు సగం మాటలు తెలియవు. సహాయం కోసం మాల్యా పిన్ని దగ్గరికే వెళ్లాను. అమాలియాను అప్పటికి నేను అలాగే పిలిచేదాన్ని.

"మీరు వేషాలేసుకుని ఆడుకోటానికి కాదమ్మాయ్ ఆ రోజు" అంది ముందు.

"నాకు ఆడటం రాదు పిన్నీ. అర్థం కాక అడుగుతున్నాను. నేను తప్పు చెబితే రష్యన్లకు తప్పే తెలుస్తుంది."

ఆ మాటకు మెత్తబడింది. సాయంత్రాలు వాళ్లింట్లో కూర్చుని ఒక్కొక్క మాటే అడిగి తెలుసుకున్నాను. ఒకసారి వోల్దెమార్ కూడా వచ్చాడు. ఆయనకు వీధిలో నిలబడ్డ ఆడవాళ్ల సంభాషణ రాయడం కుదరడం లేదు. రష్యన్ మర్యాద ప్రకారం ఆమె పేరుకు తండ్రి పేరు కలిపి పిలిచి అడిగాడు.

"ఆ పొద్దున ఆడవాళ్లు ఒకరితో ఒకరు ఏమనుకున్నారో చెప్పగలరా, అమాలియా గాట్‌ఫ్రీదొవ్నా?"

"ఎవరూ ఏమీ అనలా. ఆవులే అరిచినయ్."

వోల్దెమార్ రాసిన పేజీలు చించేశాడు.

మొదటి ప్రదర్శనకు చుట్టుపక్కల పల్లెల నుంచి కూడా బస్సులు కట్టించుకుని వచ్చారు. హాల్లో కూర్చోనని అమాలియా నా గాజుగదిలోకి వచ్చి, ముక్కాలిపీట వేసుకు కూర్చుంది. ఆ రంగం వచ్చింది. వేదిక మీద ఆడవాళ్లు మూటలతో నిలబడ్డారు. ఒక్క మాట లేదు. చీకట్లోంచి మిగతా నటులంతా ఆవుల్లా అరిచారు, ముందు ఒకటి, తర్వాత ఎన్నో. నేను చెప్పడానికి ఏమీ లేదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్లు కొందరు అవి పాడయ్యాయనుకుని వేళ్లతో కొట్టి, నా వైపు తిరిగి చూశారు. ఏదో ఒకటి చెప్పాలేమోనని నేను మైకు దగ్గరికి వంగాను. అమాలియా నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. ఆ పట్టు నాటకం అయ్యేదాకా వదల్లేదు.

చివర్లో చప్పట్లు మోగలేదు. జనం లేవలేదు. కాసేపటికి ఒకరు పక్కవాళ్లతో మాట్లాడటం మొదలుపెట్టారు. తర్వాత అందరూ. మాది ఫలానా ఊరని, మీదేదని, మా నాన్న ఫలానా శిబిరంలో పోయాడని, అంతా తమ భాషలో, గట్టిగా. వేషాలు తీసేసిన నటులు కూడా వచ్చి వాళ్ల మధ్య కూర్చున్నారు. ఊడ్చే మనిషి రెండుసార్లు వచ్చి తిరిగి వెళ్లిపోయింది.

ఆ మరుసటేడు నాటకశాలను రాజధాని అల్మా-అటాకు మార్చారు. ఇర్మా తల్లినీ వెంటబెట్టుకొచ్చింది. మంచి రోజులొచ్చాయనుకున్నాం. సరిగ్గా అప్పుడే సరిహద్దులు తెరుచుకున్నాయి. జర్మన్లు జర్మనీకి వెళ్లిపోసాగారు. ప్రేక్షకులు ముందు పోయారు, వాళ్ల వెనకే నటులు. ఒక వారం రాజు వెళ్లిపోయేవాడు, ఇంకో వారం మంత్రి. రాజు లేని నాటకం ఎంచుకుని సాధన మొదలుపెడితే, ఈలోగా నాయిక వీసా పట్టుకుని ఏడుస్తూ వచ్చేది. చివరికి వోల్దెమార్ కూడా సామాను సర్దుకున్నాడు.

"నన్ను తిట్టు ఇర్మా" అన్నాడు విమానాశ్రయంలో.

"ఎందుకు వోల్దెమార్ కార్లొవిచ్? ఇన్నేళ్లూ మీరు నన్ను తిట్టారుగా, అది చాల్లెండి."

అమాలియాకూ వెళ్లాలనే ఉంది. కొడుకు కుటుంబం కాగితాలు పెట్టుకుంది. ఇర్మా కూడా పెట్టింది. భాష పరీక్ష ఉండేది. పుస్తకాల్లో నేర్చింది కాక, ఇంట్లో తల్లిదండ్రుల నుంచి వచ్చిన భాష ఉందా లేదా అని చూసేవారు. అమాలియా లోపలికెళ్లి మేకల గురించి, బంగాళాదుంపల గురించి మాట్లాడి, పరీక్షాధికారికి ఊరగాయ పెట్టే విధానం కూడా చెప్పి బయటికొచ్చింది. తర్వాత ఇర్మా. ఏం జరిగిందో ఆమే నాకు చెప్పింది.

"మీ జర్మన్ నాదానికంటే బాగుంది. ఎక్కడ నేర్చుకున్నారు?" అన్నాడట ఆయన.

"మాస్కోలో."

ఆయన కలం ఆగింది. "మరి ఇంట్లో?"

ఇర్మా తల్లి భాషలో నాలుగు ముక్కలు చెప్పింది. ఆయన మర్యాదగానే సందేహపడ్డాడు. "అమ్మా, మీ వృత్తి నటన అని ఇక్కడుంది. ఇది కూడా మీరు నేర్చుకున్న పాత్ర కాదని నేనెలా అనుకోను?"

అప్పుడే తలుపు తోసుకుని అమాలియా తొంగిచూసింది.

"ఏందే ఇంతసేపు? అక్కడ రైన్‌హోల్ట్ గాడు ఆకలికి చస్తన్నాడు!"

"వస్తన్నా ఉండవే! ఈయన అడిగిందానికి చెప్పొద్దా? ఎప్పుడూ తొందరే నీకు!"

పరీక్షాధికారి నవ్వుతూ సంతకం పెట్టేశాడు.

అయినా ఇర్మా వెళ్లలేదు. నాటకశాల వాళ్లు కొత్త నటుల కోసం తరగతి ఒకటి తెరిచారు. జర్మన్ పిల్లలు దొరకలేదు. కజక్కులు, రష్యన్లు, ఒక ఉయ్‌ఘూర్ కుర్రాడు చేరారు. వాళ్లకు వేదిక భాష నేర్పడానికి మిగిలింది ఇర్మాయే. తల్దీకుర్గాన్ నుంచి వచ్చిన రౌషన్ అనే అమ్మాయికి చేరిననాడు ఒక్క జర్మన్ ముక్క రాదు. ఆర్నెల్లు తిరిగేసరికి ఇర్మా ఎలా తిడుతుందో ఇర్మాకే చేసి చూపించేది.

వెళ్లనన్న మాట ఇర్మా వంటింట్లో చెప్పింది. నేనూ అక్కడే ఉన్నాను.

"జర్మన్లు లేని ఊళ్లో జర్మన్ నాటకం ఎవరి కోసమే?" అంది అమాలియా.

"చూసేవాళ్ల కోసం."

"ఎవరు చూస్తారే? ఆ గుర్రాల కజక్కోళ్లా?"

"ఆ గుర్రాలోళ్లే నీకు మొదటి చలికాలం రొట్టె పెట్టి బతికించారని నువ్వే చెప్పావుగా?"

అమాలియా గిన్నె అందుకుని తోమసాగింది. ఇర్మాయే మళ్లీ అంది, "నలభై ఏళ్లదాన్ని అమ్మా. అక్కడ నా మాట వినగానే రష్యాదంటారు. వోల్దెమార్ గిడ్డంగిలో పెట్టెలు మోస్తున్నాడు. నాకు భయంగా ఉంది. ఇక్కడైతే ఆ పిల్లలు నా కోసం ఎదురుచూస్తుంటారు."

"భయమని ముందే చెప్పొచ్చుగా. భయమైతే నాకు అర్థమవుద్ది" అంది అమాలియా.

రైన్‌హోల్ట్ కుటుంబంతో ఆమె వెళ్లిపోయింది. జర్మనీలో కస్సెల్ దగ్గర ఒక చిన్న ఊళ్లో ఇల్లిచ్చారు. ఫోన్లో మాట్లాడేది. రొట్టెల అంగట్లో పిల్లకు తన మాట సగమే అర్థమవుతోందనీ, ఇరుగుపొరుగు తమను రష్యన్లంటున్నారనీ చెప్పేది. కానీ బెంచీ మీద కబుర్లకు తనలాగే రష్యాలోని సరాతవ్, ఒమ్‌స్క్ వైపు నుంచి వచ్చిన ముసలమ్మలు చాలామంది దొరికారు. "ఏ భాషలో మాట్లాడుకుంటారు?" అని నేనడిగితే, "ఎవరికి ఏది నోటికొస్తే అది. ఇక్కడ ఎవరూ కిటికీలు వేసుకోరు" అంది.

కొత్త బృందం మొదటి నాటకానికి హాలు ముప్పాతిక నిండింది. దాదాపు అందరూ ఇయర్‌ఫోన్లు తీసుకున్నారు. నాకు అంత పని ఎన్నడూ లేదు. రౌషన్ నాయిక. రెండో అంకంలో ఒక వాక్యం మర్చిపోయి, దాని స్థానంలో ఇర్మా తరగతిలో విసుక్కునే మాటొకటి తడుముకోకుండా అనేసింది. జర్మన్ తెలిసిన నలుగురైదుగురు పగలబడి నవ్వారు. తెరపక్కన ఇర్మా తల పట్టుకుని, ఆ తర్వాత తనూ నవ్వింది.

అమాలియా ఒక వసంతకాలంలో నిద్రలోనే పోయింది. ఇర్మా వెళ్లి సమాధి దగ్గర నిలబడి వచ్చింది. అక్కడ పాస్టరు చక్కగా మాట్లాడాడనీ, ఆయన చెప్పిందంతా తనకు అర్థమైందనీ, అది వింటుంటే అమ్మ పక్కన లేకపోవడం ఇంకా ఎక్కువగా తెలిసిందనీ చెప్పింది. వోల్దెమార్ రైలెక్కి వచ్చాడట. ఇద్దరూ సమాధుల పక్కన నిలబడి, రౌషన్‌కు తర్వాత ఏ పాత్ర ఇస్తే బాగుంటుందో వాదించుకున్నారట.

తిరిగొచ్చిన మర్నాడే సాధన ఉంది. నేను వెళ్లేసరికి రౌషన్, ఇర్మా గొడవపడుతున్నారు.

"అపాయ్, ఆ అక్షరాన్ని మీరు చెప్పినట్టే అంటున్నాను కదా!" అంటోంది రౌషన్. అక్కడి పిల్లలు పంతులమ్మను అలాగే పిలుస్తారు.

"అనడం లేదు. నువ్వు నవుల్తున్నావు. మింగకు, బయటికి వదులు."

"ఇలాగా?"

"అదీ. ఇప్పుడు వెనక బెంచీదాకా వినపడేట్టు అను."

రౌషన్ ఊపిరి నిండా పీల్చుకుని అంది. నేను గాజుగది తలుపు తీసి, దీపం వేసి, మైకు సరిచూసుకున్నాను.